గుట్టకు పెట్టిన బొట్టు

మా ఆవిడ భారతమ్మకు కోపం వస్తే ఎదుట ఉన్నది మనిషా మానా అని చూడదు. పెళ్ళయిన ఏడాదిలోనే ఆ సంగతి నాకు తెలిసింది. అయినా మా అమ్మాయి సుజన పెళ్ళిపిలుపులకు బయల్దేరినప్పుడు కుంకుమ భరిణె ఆమె చేతికే ఇచ్చాను. ఇంకెవరికిస్తాం? ఆడపిల్ల పెళ్ళికి తల్లే కదా బొట్టు పెట్టి పిలవాలి.

మాది తల్లాడ. ఎరువులు, విత్తనాల కొట్టు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం కానీ పెళ్ళిళ్ళలో పట్టింపులు మాత్రం ఇప్పటికీ అక్కడివే. వాటిల్లో పెద్దది బుట్ట. ముహూర్తం వేళకు పెళ్ళికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. పక్కనున్న నలుగురూ ఓ చెయ్యి వేస్తారు గానీ, ఎత్తిన పేరు మేనమామదే. ఆయన ఎత్తాలి, ఆయనే పీటల దగ్గర దించాలి. అప్పుడే పెళ్ళి ముందుకు కదులుతుంది.

సుజనకు ఉన్న మేనమామ ఒక్కడే, భారతమ్మ అన్న వెంకటరామారావు. దుమ్ముగూడెంలో ఉంటాడు. ఆయనకూ మా ఆవిడకూ ఏడాదిగా మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు. వాళ్ళబ్బాయి నాని పెళ్ళిలో ఫోటోగ్రాఫరు "మేనత్తగారు రావాలి" అని పిలిచిన సమయానికి మా ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఫోటో అయిపోయింది. "కాసేపు ఆగలేకపోయావా అన్నయ్యా" అని ఈవిడ. "నీ చేతులు ఆరేదాకా పెళ్ళికొడుకుని నిలబెట్టమంటావా" అని ఆయన. కొత్త వియ్యాలవారి ఎదుటే "ఇక నీ గడప తొక్కితే ఒట్టు" అని ఈవిడ. "తొక్కమని బతిమాలేదెవరు" అని ఆయన. అంతే, రాకపోకలు బంద్. ఇద్దరూ ఒక తల్లి పాలు తాగినవాళ్ళే. ఆ పాలల్లో ఏం కలిసిందో నాకు తెలియదు.

కూతురి పెళ్ళి కుదిరేసరికి మా ఆవిడ ఒట్టు తీసి గట్టున పెట్టింది. కారులో దారి పొడవునా ఏం మాట్లాడాలో వల్లెవేసుకుంది. "అన్నయ్యా, జరిగిందేదో జరిగింది" అని మొదలుపెట్టేది. "అయినా తప్పు నీదే" దాకా వచ్చి నాలుక కరుచుకునేది. మళ్ళీ మొదటినుంచి. భద్రాచలం వంతెన దాటేసరికి నాకే కంఠతా వచ్చేసింది.

వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. లోపల టీవీ మోగుతోంది. తలుపు కొట్టాం. అడుగుల చప్పుడైంది. తర్వాత మా బావ గొంతు స్పష్టంగా వినపడింది.

"ఇంట్లో లేనని చెప్పు."

ఆయన భార్య పాపం తలుపు వెనకనుంచి అంది. "ఇంట్లో లేరంట వదినా."

"లేనివాడు ఎలా చెప్పాడు వదినా?" అని మా ఆవిడ అడిగింది.

సమాధానంగా టీవీ సౌండు పెరిగింది.

ఇల్లు తాళం వేసి ఉంటే గుమ్మానికి బొట్టు పెట్టి, శుభలేఖ తలుపు సందులో దోపి వచ్చేయడం మనవాళ్ళ అలవాటు. పిలిచినట్టే లెక్క. నేను అదే చెప్పాను.

"లోపల మనిషిని పెట్టుకుని గుమ్మానికి పెట్టనా? రేపు గుమ్మం వచ్చి బుట్ట ఎత్తుతుందా?" అంది. కారెక్కి తలుపు వేసిన తీరుకు అద్దం పగలనందుకు సంతోషించాను.

భద్రాచలం వైపు తిరిగొస్తుంటే అడవి అంచున ఒంటిచెట్టు గుట్ట ఉంటుంది. పెద్దదేం కాదు. నల్లటి రాళ్ళు, వాటి మధ్య సీతాఫలం పొదలు, నడినెత్తిన ఒకే ఒక్క రేలచెట్టు. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ దానిమీదకెక్కి సీతాఫలాలు కోసుకునేవాళ్ళట. అక్కడికి రాగానే "కారాపండి" అంది. దిగి గబగబా వెళ్ళి గుట్ట ముందు నిలబడింది. ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, అన్నమీద కోపమంతా ఆ గుట్టమీద పడింది.

"ఇదిగో, మా అన్నయ్య ఇంట్లో లేడంట. నాకు ఇంకెవరూ లేరు. ఇవాళ్టినుంచి నువ్వే మా అన్నయ్యవి. వచ్చే బుధవారం నీ మేనకోడలి పెళ్ళి, తల్లాడలో. ఇంటిల్లిపాదీ రావాలి. బుట్ట నువ్వే ఎత్తాలి. రాకపోయావో, నీకూ నాకూ కూడా మాటల్లేవు!"

రాతికి ఇంత బొట్టు అదిమింది. అక్షింతలు చల్లింది. శుభలేఖ పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద చిన్న రాయి కూడా పెట్టింది. ఆ పైన అదే రాతికి తల ఆనించి భోరుమంది. నాకు నవ్వు రాలేదు. జాలేసింది. తోడబుట్టినవాడు తలుపు తీయకపోతే ఎలా ఉంటుందో ఆ వీపు చూస్తే తెలుస్తోంది.

పక్కనే ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకుంటున్న పుల్లమ్మ అనే ముసలామె ఇదంతా చూసి బోసినోటితో నవ్వింది.

"ఏందమ్మా, గుట్టకు బొట్టు వెట్టి పిలిచినవా? వస్తడు మరి! మా అవ్వ లగ్గానికి ఎవరో నవ్వులాటకు పిలిస్తే వచ్చిండంట. వండిన బువ్వంత ఆయనకే అయింది."

"రానీ అవ్వా. బుట్ట ఎత్తేవాడు కావాలి మాకు" అన్నాను నేను, ఊరికే మాట కలపడానికి.

"ఎత్తుతడు సారూ. ఎత్తుడు ఎరుకే ఆయనకు, దించుడే ఎరుకలేదు. గా చెట్టును ఎత్తుకున్నడు, గా బండలను ఎత్తుకున్నడు. ఎన్నడన్న దించిండా?"

నేను నవ్వి కారెక్కాను. భారతమ్మ ముక్కు చీదుకుని, నా ఖర్చీఫు నాకే తిరిగిచ్చింది.

పెళ్ళికి ముందురోజు పొద్దున ఫంక్షన్ హాల్లో షామియానా వాళ్ళతో గొడవపడుతుంటే ఫోనులో మా ఊరి వాట్సాప్ గ్రూపు మోగింది. ఎవరో ఫోటో పెట్టారు. రోడ్డు, ఆకాశం, మధ్యలో ఏమీ లేదు. కింద "ఒంటిచెట్టు గుట్ట మాయం" అని రాశారు. దానికి జవాబులు కూడా వచ్చేశాయి. "గ్రానైటోళ్ళు రాత్రికి రాత్రి కోసుకపోయిన్రు." "ఒక్క రాయి గూడ మిగల్చలే, పనోళ్ళు!" ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా వైపు గుట్ట కనపడకుండా పోవడం వార్త కాదు, ఉన్నచోటే ఉంటే అది వార్త.

నాకు మాత్రం రాయి కింద పెట్టొచ్చిన శుభలేఖ గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే బల్లమీది మంచినీళ్ళ సీసాలు వణకడం మొదలుపెట్టాయి.

హాలు కాపలాదారు పగిడయ్య పరిగెత్తుకొచ్చాడు. "సారూ, ఎవరో పెద్దాయన వచ్చిండు. పిల్ల దిక్కా పిలగాని దిక్కా అంటే మాట్లాడలే. చేతిల కార్డు ఉన్నది. గేట్ల పడుతలేడని గేటే తీసేసిన."

వెళ్ళి చూశాను. మనిషంత ఎత్తే ఉన్నాడు. ఊళ్ళోకి వస్తున్నానన్న మర్యాద కొద్దీ అంత తగ్గించుకున్నాడనుకుంటా. బరువు తగ్గించుకోవడం మాత్రం చేతకాలేదు. అడుగు పెట్టిన చోటల్లా టైల్సు పటపటమంటున్నాయి. ఒళ్ళంతా నల్లరాయి, భుజాల మీద గరిక, తల మీద పసుప్పచ్చగా పూసిన రేలచెట్టు. నడుం దాకా తడి. వంతెన తన బరువు ఆపదని గోదావరిలోకి దిగి నడుచుకుంటూ వచ్చాడన్నమాట. చంకలోంచి ఒక చేప జారి పడితే, వంటమనిషి గంగక్క దాన్ని చటుక్కున అందుకుని లోపలికి పోయింది. నుదుటి మీద మా ఆవిడ పెట్టిన బొట్టు చెక్కు చెదరలేదు.

ఇంటిల్లిపాదీ రమ్మంది కదా, వచ్చారు. దొర్లుకుంటూ నాలుగైదు గుండ్రాళ్ళు, రెండు ముళ్ళపందులు, ఒక ఉడుము, వెనకాల ఆయాసపడుతూ ఒక ముసలి ఎలుగుబంటి.

మా ఆవిడ మూర్ఛపోతుందని నేను చేతులు చాచి సిద్ధంగా ఉన్నాను. ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగి "కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వకుండా నిలబడి చూస్తారేం?" అంది.

"భారతీ, అది గుట్ట."

"అయితే? పిలిస్తే వచ్చాడు. పిలిస్తే తలుపేసుకున్నవాడికంటే నయం కాదూ?"

చాలాసేపటికి ఆయన నోరు తెరిచాడు. కంకర లారీ సరుకు దించుతున్న చప్పుడు. "చె... ల్లె... మ్మా." అంతే, మా ఆవిడ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఏడాదిగా ఆ పిలుపు కోసమే కాచుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది.

ఇంకెవరికైనా అనుమానం వచ్చిందా అంటే, లేదు. పెళ్ళిలో ఉన్న సుఖం అదే. ముందురోజే విడిదిలో దిగిన మగపెళ్ళివారు ఆయన మా తాలూకు అనుకున్నారు, మావాళ్ళు మగపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. ఎలుగుబంటిని ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. "పెద్దావిడ ఎక్కువ మాట్లాడరు కానీ మనిషి నిండుగా ఉన్నారు" అని వియ్యపురాలు మెచ్చుకుంది. పొద్దున మా పెదనాన్న ఒకాయన పక్కన చేరి "ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. ఆయన ఆలోచించాడు. మధ్యాహ్నం పెదనాన్న నిద్రపోవడానికి వెళ్ళాడు, ఆ కుర్చీలోకి మా వియ్యంకుడు వచ్చి "భోజనానికి ఉంటారు కదా?" అన్నాడు. అప్పుడు పొద్దుటి ప్రశ్నకు జవాబొచ్చింది. "ఉం... టా... ను." వియ్యంకుడు సంతోషించాడు.

ఉన్నాడు కూడా. ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ అప్పడమైపోతే నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కడే ఒక బంతి. గంగక్క మొహం వెలిగిపోయింది. "సారూ, పులిహోర గుండిగ ఖాళీ! ఇస్తరాకు గూడ తిన్నడు, పప్పు బకిట్ గూడ తిన్నడు. గిట్ల తినేటోళ్ళుంటే ఎంతన్న వండొచ్చు."

అసలు భయం సాయంత్రం పట్టుకుంది.

మేనమామ కదా, ఖాళీగా కూర్చోకుండా పనిలో సాయం చేస్తున్నాడు. మా పెద్దమ్మ మెట్ల దగ్గర ఆయాసపడుతుంటే ఆమె చేతిసంచి అందుకున్నాడు. బియ్యం బస్తా దించడానికి మనిషి లేడంటే ఆటోలోంచి అది ఎత్తి వీపుమీద వేసుకున్నాడు. గ్యాసు బండ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. అందరూ "ఎంత మంచి మనిషో" అంటున్నారు. చీకటి పడేవేళకు పెద్దమ్మ వచ్చి, "నాయనా, సంచిలో నా మాత్రలున్నాయి" అని అడిగింది. ఆయన ఇవ్వలేదు. పొగరుతో కాదు, ఏం అడుగుతోందో ఆయనకు అర్థం కాలేదు. నేను వెళ్ళి సంచి పట్టుకుని లాగాను. రాతిలో కూరుకున్నట్టుంది, కదల్లేదు. "దించండి బావగారూ" అన్నాను. ఆ మాట పుట్టి ఎన్నడూ విననట్టు నావైపు చూశాడు.

పుల్లమ్మ మాట చెవిలో గింగురుమంది. ఎత్తుడు ఎరుకే, దించుడే ఎరుకలేదు.

రేపు ఈయన సుజనను ఎత్తుతాడు. ఆ తర్వాత? పట్టుచీరలో నా కూతురు, గ్యాసు బండ పక్కన, రేలచెట్టు కింద, ఎండకూ వానకూ అలాగే ఉండిపోతుందా? పెళ్ళికొడుకు నిచ్చెన వేసుకుని తాళి కట్టాలా? ఎవరికి చెప్పుకోను? పోలీసులకా, గుట్ట మా అమ్మాయిని ఎత్తబోతోందని?

మా ఆవిడకు చెప్పాను.

"పిలిచినవాణ్ణి వద్దని ఎలా చెప్పనండీ? అంత దూరం నీళ్ళల్లో పడి వచ్చాడు. బుట్ట నువ్వే ఎత్తాలని నా నోటితో నేనే అన్నాను" అని గోడకు చేరబడింది.

సుజన చేతులకు గోరింటాకు పెట్టుకుని కూర్చుని ఉంది. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం, దేనికీ కంగారుపడని పిల్ల. మా గుసగుసలన్నీ విని ఒకే మాట అడిగింది. "నాన్నా, మావయ్య రాడా?" ఆ పిల్లకు సైకిలు నేర్పింది ఆయనే. ఆ గొంతులో దిగులు విన్నాక నేను ఇక ఆగలేదు. ఫోను తీసుకుని షామియానా వెనక్కి వెళ్ళాను.

మా బావను బతిమాలితే లాభం లేదు. అలిగినవాడు బతిమాలే కొద్దీ చెట్టెక్కుతాడు. వేరే దారి పట్టాను.

"బావా, నిన్ను రమ్మనడానికి చెయ్యలేదు."

"మరెందుకు చేశావు?"

"రానక్కర్లేదని చెప్పడానికి. మేనమామ దొరికాడు."

అటువైపు టీవీ ఆగిపోయింది. "ఎవడు?"

"ఒంటిచెట్టు గుట్ట. నీ చెల్లెలు బొట్టు పెట్టి పిలిచింది. పొద్దున్నే దిగాడు. పాపం, ఎంత కలుపుగోలు మనిషి! అప్పుడే అందరికీ తలలో నాలుక అయిపోయాడు. రేపు బుట్ట ఆయనే ఎత్తుతున్నాడు."

కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. తర్వాత "అది నా గుట్ట" అన్నాడు.

"ఇప్పుడు నీ చెల్లెలికి అన్నయ్య."

"ఒరే బావా, అది ఎత్తినదాన్ని దించదురా!"

"తెలుసు. అందుకే నాకు భయంగా ఉంది" అన్నాను. ఆ ముక్క మాత్రం నటన కాదు. ఫోను కట్ అయింది.

మర్నాడు పగటి ముహూర్తం. మండపంలో పంతులుగారు "పెళ్ళికూతుర్ని తీసుకురండి, మేనమామగారేరీ?" అని కేకేశారు. నేను గేటువైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. సుజన బుట్టలో కూర్చుంది. గుట్ట లేచి వచ్చాడు. వంగాడు. వంగుతుంటే హాలు గోడల్లోంచి మూలుగు వినపడింది. రెండు చేతులూ బుట్ట కిందకు పోనిచ్చాడు.

అప్పుడు బయట కారు హారను మోగింది.

కారు తోలుకొచ్చిన నాని పక్కనుంచి మా బావ దిగాడు. లుంగీ, గుండీలు ఒకదానిలో పెట్టాల్సినవి ఇంకోదానిలో పెట్టిన చొక్కా, ఒక కాలికే చెప్పు. పరుగు పరుగున గేటు దాకా వచ్చి, అక్కడ టక్కున ఆగిపోయాడు.

"బొట్టు పెట్టందే లోపలికి రాను!"

నాకు తలకొట్టుకోవాలనిపించింది. మా ఆవిడ మాత్రం పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి పరిగెత్తింది. భరిణెలో కుంకుమంతా తీసి ఆయన నుదుటినుంచి గడ్డం దాకా పులిమేసింది.

"చాలా? ఇంకా పెట్టనా?"

"ఫోటో విషయంలో తప్పు నీదే" అన్నాడు ఆయన, కుంకుమ ఉమ్ముతూ.

"నీదే!"

"సరే, పద పద!"

ఇద్దరూ చేతులు పట్టుకుని హాల్లోకి వచ్చారు. మా బావ బుట్ట అంచు పట్టుకుని గుట్ట కళ్ళల్లోకి చూశాడు. "వదులు. అది నా మేనకోడలు."

గుట్ట ఆలోచిస్తున్నాడు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. సన్నాయి ఊదేవాడు గుక్క బిగబట్టాడు.

"పి... లి... చిం... ది" అన్నాడు గుట్ట.

ఆ మాటలో కోపం లేదు. ఆశ ఉంది. ఎంతకాలంగా అక్కడే నిలబడి ఉన్నాడో, ఎవరైనా వరస కలిపి పిలవడం ఆయనకు అబ్బురమై ఉంటుంది. పుల్లమ్మ వాళ్ళ అవ్వ పెళ్ళికైనా నవ్వులాటకే కదా పిలిచారు. నాకు ఆయనమీద కూడా జాలి వేసింది. కానీ నా కూతురు ఆ చేతుల మధ్య ఉంది.

"మావయ్యా" అంది సుజన, మెల్లగా. ఎవర్ని పిలిచిందో పేరు చెప్పలేదు గానీ, చూపు మా బావ వైపే ఉంది.

మా బావ ఒకసారి ఆ పిల్లను చూశాడు. చెల్లెల్ని చూశాడు. బుట్ట వదిలేసి, గుట్ట మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అన్నా" అన్నాడు. ఇంటికి పెద్దకొడుకైన ఆ మనిషి ఇంకొకర్ని అన్నా అనడం నేను అంతకుముందు వినలేదు. "చెల్లెలు పిలిచింది నిన్నే. కాదనను. నీకంటే పెద్దవాళ్ళం కాదు మేం. ఒక పని చెయ్యి. నువ్వు నన్నెత్తుకో. నేను పిల్లనెత్తుకుంటా."

"వద్దన్నయ్యా! దించడంట!" అని మా ఆవిడ కెవ్వుమంది.

"తెలుసులేవే. నోర్మూసుకుని అక్షింతలు పట్టుకో."

గుట్ట ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. బుట్ట కిందనుంచి చేతులు తీసి, మా బావను సందిట పట్టి పైకి లేపి, బియ్యం బస్తా పక్కన కుదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మా బావ అక్కడినుంచి కిందికి వంగి రెండు చేతులతో బుట్ట అందుకున్నాడు. నాని, నేనూ కిందనుంచి చెయ్యి వేశాం. సన్నాయి అందుకుంది. టైల్సు ఒక్కొక్కటే పగులుతుండగా, గుట్ట మేనమామను మోస్తూ, మేనమామ పెళ్ళికూతుర్ని మోస్తూ మండపానికి చేరారు. గుట్ట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా బావ బుట్టను పీటల పక్కన నేలకు ఆనించాడు. సుజన గాజులు సర్దుకుంటూ లేచి నిలబడింది.

నేను పంతులుగారి ఎదుటే ఏడ్చేశాను. పొగ అని చెప్పాను, హోమం ఇంకా వెలిగించనేలేదు.

పెళ్ళయింది. అప్పగింతలయ్యాయి. మగపెళ్ళివారు ఎలుగుబంటికి తాంబూలం ఇచ్చి మరీ బయల్దేరారు. మా బావ మాత్రం దిగలేదు. తాళ్ళు వేసి లాగాం. జేసీబీ అతను వచ్చి చూసి, తల గోక్కుని వెళ్ళిపోయాడు. చివరికి మా బావే "ఇక చాలు, పరువు తీయకండి" అన్నాడు. గుట్ట చెల్లెలి దగ్గర సెలవు తీసుకుని ఇంటిల్లిపాదితో వచ్చిన దారినే నడిచాడు. మా బావ భుజం మీదనుంచి ఊరందరికీ దణ్ణాలు పెడుతూ వెళ్ళాడు. గోదావరిలో దిగేటప్పుడు లుంగీ పైకి కట్టుకున్నాడని నాని చెప్పాడు. మర్నాడు గ్రూపులో మళ్ళీ ఫోటో వచ్చింది. గుట్ట యథాస్థానంలో ఉంది. "అధికారులు స్పందించి గుట్టను తిరిగి పెట్టించినందుకు కృతజ్ఞతలు" అని ఎవరో రాశారు.

అప్పటినుంచి మాకు ఆదివారాలు లేవు. పొద్దున్నే భారతమ్మ క్యారియరు కడుతుంది, నేను కారు తీస్తాను. ఆమె గుట్టెక్కుతుంది. నాకు మోకాళ్ళు సహకరించవు కనుక కారులోనే కూర్చుంటాను. పైన రేలచెట్టు నీడలో మా బావ నివాసం. బియ్యం బస్తా ఉంది, గ్యాసు బండ ఉంది, వాళ్ళావిడ స్టవ్వు పంపింది. అన్నాచెల్లెళ్ళు తింటూ పోట్లాడుకుంటుంటే ఆ గొంతులు కిందికి వినిపిస్తాయి. వంకాయ ఎవరు బాగా వండుతారన్న దగ్గర మొదలై వాళ్ళమ్మ దాకా వెళతారు. మళ్ళీ నవ్వులు. వచ్చేటప్పుడు మాత్రం మా ఆవిడ కారులో కళ్ళు తుడుచుకుంటుంది. "నా కూతుర్ని దించి వాడు పైన ఉండిపోయాడండీ" అంటుంది.

మొన్న ఆదివారం అలాగే కూర్చుని ఉన్నాను. గుట్ట మీదనుంచి మేకల మంద దిగుతోంది. ముందు పెద్దవి, వెనక గెంతుకుంటూ పిల్లలు. చూస్తూ చూస్తూ ఉండగా నా బుర్రలో ఏదో వెలిగింది. గుట్ట వాటిని దించడం లేదు. అవే దిగుతున్నాయి. మా పెద్దమ్మ సంచికి కాళ్ళు లేవు. గ్యాసు బండకు కాళ్ళు లేవు. మా బావకు ఉన్నాయి!

మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, పడుతూ లేస్తూ పైకెక్కాను. భారతమ్మ అవతలివైపు సీతాఫలం పొదల దగ్గర ఉంది. మా బావ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

"బావా! మేకలు దిగుతున్నాయి! నువ్వూ దిగొచ్చు! ఎవరూ దించక్కర్లేదు, నడిచి రావడమే!"

ఆయన చటుక్కున నా నోరు మూశాడు. చెల్లెలు ఎంత దూరంలో ఉందో తొంగి చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లగా. పెళ్ళయిన మర్నాడే, గుట్ట తన చోట కుదురుకోగానే నడిచి దిగాను. వారమంతా ఇంట్లోనే ఉంటున్నా. శనివారం రాత్రి ఎక్కుతా."

"మరి ఇదంతా ఎందుకు?"

క్యారియరు గిన్నె మూత తీసి నా ముందుకు జరిపాడు. గుత్తివంకాయ, ఇంకా వేడిగానే ఉంది.

"దిగానని తెలిస్తే అది మళ్ళీ ఎక్కుతుందా బావా?"